ఉక్కు దిమ్మలో చెంచాలు

పిల్లలూ! ఈ పుట చదవటం ఒక్క నిమిషం ఆపి, వంటింట్లోకి వెళ్ళి ఒక చెంచా తెచ్చుకోండి. ఎందుకని అమ్మ అడిగితే, "సైన్సు పాఠానికి" అని చెప్పండి. తెచ్చారా? ఇప్పుడు ఆ చెంచా గుంటలో ఒక స్కేలు అంచు ఆనించి చూడండి. ఎటు తిప్పి పెట్టినా స్కేలు పూర్తిగా ఆనదు. పొడుగునా వంపే, అడ్డంగానూ వంపే. పోనీ, ఆ వంపు అంతటా ఒకేలాగా ఉన్నదా అంటే, అదీ లేదు. కాడ దగ్గర లోతు తక్కువ, నడుమ ఎక్కువ, కొసకు వచ్చేసరికి మళ్ళీ తక్కువ.

పొడుగు, వెడల్పు, ఎత్తు చెబితే వడ్రంగి మీకు పెట్టె చేసి ఇస్తాడు. బంతికి అయితే అడ్డుకొలత ఒక్కటి చెప్పినా చాలు. మరి చెంచా చేయమని అడగటానికి ఏ కొలత చెబుతారు?

మనం వాడే ప్లాస్టిక్ చెంచాలు అచ్చులో తయారవుతాయి. ఈ అచ్చును కార్ఖానాలలో మౌల్డ్ అంటారు. దానికి రెండు ఉక్కు దిమ్మలు ఉంటాయి. ఒక దిమ్మలో చెంచా అడుగు ఆకారం గుంటగా ఉంటుంది. రెండవ దిమ్మలో చెంచా లోపలి ఆకారం గుబ్బగా ఉంటుంది. రెండింటినీ గట్టిగా మూసి, నడుమ ఉన్న సన్నని ఖాళీలోకి కరిగిన ప్లాస్టిక్‌ను ఒత్తిడితో ఎక్కిస్తారు. చల్లారాక తెరిస్తే చెంచా ఊడి వస్తుంది. ఇడ్లీ రేకుకు గుంట ఉన్నట్టే, మూతకు కూడా గుబ్బ ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి, అటువంటిదే ఇది.

ఉక్కు దిమ్మలో ఆ వంపును యంత్రం చెక్కుతుంది. యంత్రానికి కళ్ళు లేవు, బుద్ధి లేదు. ఎటు వెళ్ళాలో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ దారి చెప్పటమే నా ఉద్యోగం. ఆ పని నేను నేర్చుకున్న సంగతి మీకు చెబుతాను.

నేను మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి, హైదరాబాదులో బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో చేరాను. పనిముట్లు, అచ్చులు తయారుచేసే విద్య నేర్పటానికి కేంద్ర ప్రభుత్వం 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అనే సంస్థను స్థాపించింది ఈ బాలానగర్‌లోనే. ఆ చుట్టుపక్కల వీధుల్లో నడుస్తుంటే ఇనుము కోస్తున్న చప్పుడూ, నూనె వాసనా మనతోపాటే వస్తాయి. మా కార్ఖానాలో మూడు యంత్రాలు, తొమ్మిదిమంది మనుషులు.

మా యంత్రం ఎట్లా పని చేస్తుందో ముందు చెప్పాలి. ఉక్కు దిమ్మను బల్ల మీద బిగిస్తాము. పైన గిర్రున తిరిగే కట్టర్ ఉంటుంది. అది దిమ్మ మీద ఎడమకూ కుడికీ, ముందుకూ వెనక్కూ, పైకీ కిందికీ కదలగలదు. ఈ మూడు దిక్కులకు ఎక్స్, వై, జెడ్ అని పేర్లు. ఏ చోటికి వెళ్ళమనాలన్నా మూడు అంకెలు చెబితే చాలు. చదరపు గుంట తియ్యాలంటే నాలుగు మూలల అంకెలు చెబుతాము. అటువంటి తిన్నని పనులు నేను ఏడాదిపాటు చేశాను.

ఒకనాడు మా యజమాని ఒక కొత్త పని తెచ్చారు. చంటిపిల్లలకు అన్నం తినిపించే చెంచాల మౌల్డ్ అది. ఒక్కసారి మూసి తెరిస్తే ఆరు చెంచాలు రావాలి. గడువు పదిహేను రోజులు. అప్పు చేసి ఉక్కు దిమ్మలు కొన్నారాయన. ఒక్క జత మాత్రమే కొన్నారు. అవి చెడితే మరొక జత కొనే స్తోమతు లేదు. గడువు దాటితే ఆ పని ఇంకొక కార్ఖానాకు పోతుంది.

మా మేస్త్రి గారు నన్ను పిలిచి, "అమ్మాయ్, ఈ వంపుల పని ఇక నువ్వు నేర్చుకోవాలి. నా కళ్ళకు కంప్యూటర్ తెర ఆనటం లేదు," అన్నారు.

నేను వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మేస్త్రి గారు నవ్వి, దాన్ని ఆపేయించారు. ఒక కాగితం మీద కొండలూ లోయలూ ఉన్నట్టు ఒక వంకర గీత గీశారు. అట్టతో రూపాయి బిళ్ళంత చక్రం కత్తిరించి, దాని నడుమ సూదితో బెజ్జం చేశారు. "ఈ బెజ్జంలో పెన్సిలు మొన పెట్టి, చక్రం అంచు గీతకు ఆనేటట్టు దొర్లించు," అన్నారు.

మీరూ చేసి చూడండి. చాలా తమాషాగా ఉంటుంది. పెన్సిలు గీసిన గీత కింది గీతలాగా ఉండదు. కొండ మీద అది ఇంకా పెద్ద కొండ అవుతుంది. లోయలో ఇరుకైన లోయ అవుతుంది. కింది లోయ చక్రం కన్నా ఇరుకైతే, చక్రం అడుగును తాకనే తాకదు. రెండు గట్లకూ ఆనుకొని మధ్యలో వేలాడుతుంది. వానాకాలంలో ఇరుకు గాడిలో పెద్ద బండి చక్రం ఇరుక్కోవటం పల్లెల్లో ఉండే పిల్లలు చూసే ఉంటారు.

వంపులు చెక్కే కట్టర్ కొన సగం గోళీలాగా గుండ్రంగా ఉంటుంది. దాన్ని బాల్‌నోజ్ కట్టర్ అంటారు. అట్ట చక్రానికి బెజ్జం ఎట్లాగో, కట్టర్‌కు ఆ గోళీ నడిబిందువు అట్లా. మనకు కావలసిన వంపు ఒకటి, గోళీ నడిబిందువు నడవవలసిన దారి మరొకటి. 6 మిల్లీమీటర్ల కట్టర్ అయితే, వంపు మీద ప్రతి చోటా దానికి నిట్టనిలువుగా ఏ దిక్కు ఉన్నదో కనుక్కొని, ఆ దిక్కున 3 మిల్లీమీటర్లు దూరంగా నడిబిందువును ఉంచాలి. చెంచా వంటి వస్తువుకు ఇటువంటి లెక్కలు వేలకొద్దీ చెయ్యాలి. కంప్యూటర్ చేసేది ఆ పనే. ఆ లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌ను క్యామ్ అంటారు. అంటే కంప్యూటర్ సాయంతో తయారీ అన్నమాట.

"లెక్క అది చేస్తుంది. కాని ఏ కట్టర్‌తో వెళ్ళాలి, ఏ దారిన వెళ్ళాలి, ఎంత దగ్గరగా వెళ్ళాలి అనేది నువ్వే చెప్పాలి," అన్నారు మేస్త్రి గారు.

ఈ లెక్కల కథ చాలా పాతది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కలు తయారుచేసేవాడు. రెక్క వంపు సరిగా రావటానికి ఆయన ఒక ఉపాయం చేశాడు. వంపు మీద చాలా చోట్ల బిందువులను లెక్కల యంత్రంతో కట్టించి, ఆ అంకెల పట్టికను కార్ఖానాకు పంపాడు. ఒక మనిషి ఆ అంకెలను పైకి చదువుతుంటే, ఇద్దరు పనివాళ్ళు యంత్రానికి ఉన్న చెరొక చక్రాన్ని తిప్పి, కట్టర్‌ను ఆ చోటికి చేర్చేవారు. మనుషులు చదివి తిప్పే బదులు యంత్రమే అంకెలను చదివి తిరగకూడదా అని ఆయనకు తోచింది. ఆ ఆలోచన మీద పనిచేసి, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ వారు 1952లో చిల్లులు పొడిచిన కాగితపు పట్టీని చదివి తనంతట తాను కోసే యంత్రాన్ని చూపించారు. 1959లో వారే, కట్టర్‌కు దారి చెప్పటానికి ఏపీటీ అనే కంప్యూటర్ భాషను చూపించి, వచ్చినవారికి ఆ పద్ధతిలో చెక్కిన అల్యూమినియం యాష్‌ట్రేలు జ్ఞాపికలుగా ఇచ్చారు.

ఇంచుమించు అదే కాలంలో ఫ్రాన్సులో కార్లు తయారుచేసేవారికి మరొక చిక్కు వచ్చింది. కారు ఒంటి వంపును అంకెలతో ఎట్లా చెప్పటం? సిట్రొయెన్ కంపెనీలో పాల్ ద కాస్తెల్జొ, రెనో కంపెనీలో పియెర్ బెజియె అనేవారు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే దీనికి దారి కనిపెట్టారు. ఆ కిటుకు తెలుగు పిల్లలకు తేలికగానే అర్థమవుతుంది. ముంగిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు మెలికల గీత చుక్కలను తాకకుండా, వాటిని చూసుకుంటూ వంపు తిరుగుతుంది చూడండి! అట్లాగే వీరి పద్ధతిలో నాలుగు చుక్కలు పెడితే, గీత మొదటి చుక్క దగ్గర బయలుదేరి, నడిమి రెండు చుక్కల వైపు లాగబడి, వాటిని తాకకుండానే నాలుగో చుక్కకు చేరుతుంది. నడిమి చుక్కను జరిపితే వంపు మారుతుంది. అటువంటి గీతలను పొడుగునా అడ్డంగా అల్లితే ఒక వంపు తలం తయారవుతుంది. మన చెంచా కొలత చెప్పటం ఇట్లాగే. కొన్ని చుక్కలు చాలు.

మళ్ళీ మా కార్ఖానాకు వద్దాము.

వంపును ఒక్కసారిగా చెక్కరు. ముందు పెద్ద కట్టర్‌తో పొరలు పొరలుగా ఉక్కును తీసేస్తారు. అప్పుడు గుంట కోనేటి మెట్లలాగా కనిపిస్తుంది. తరవాత ఆ మెట్లను కొంత నునుపు చేసి, చివరకు చిన్న బాల్‌నోజ్ కట్టర్‌తో అసలు వంపు తెస్తారు. ఈ చివరి పనికి ఏ దారి ఎన్నుకోవాలి అన్నదే అసలు విద్య.

ఒక దారి నాగటి చాళ్ళ వంటిది. రైతు పొలాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దున్ని, కొంచెం పక్కకు జరిగి మళ్ళీ దున్నినట్టు, కట్టర్ వరసగా వెళ్ళి వస్తుంది. పక్కకు జరిగే దూరాన్ని స్టెప్‌ఓవర్ అంటారు. చెంచా అడుగున ఇది బాగా పని చేస్తుంది. కాని గోడ ఏటవాలు దగ్గర ఒక చిక్కు ఉన్నది. పైనుంచి చూస్తే చాళ్ళన్నీ 0.3 మిల్లీమీటరు ఎడంగానే ఉంటాయి. కాని వాలు వెంట కొలిస్తే, 60 డిగ్రీల వాలు మీద ఆ ఎడం రెట్టింపై 0.6 అవుతుంది. 80 డిగ్రీల వాలు మీద 1.7 దాటుతుంది! గోడ మీద చాళ్ళు దూరం దూరంగా పడతాయి.

రెండో దారి కొండవాలు మడుల వంటిది. అరకు వైపు కొండల మీద మడులు చూసినవారికి తెలుస్తుంది; ఒక్కొక్క గట్టు ఒకే ఎత్తున కొండ చుట్టూ తిరుగుతుంది. కట్టర్ కూడా ఒకే ఎత్తున గుంట చుట్టూ తిరిగి, కొంచెం కిందికి దిగి, మళ్ళీ తిరుగుతుంది. నిటారు గోడల మీద ఇది చక్కగా ఉంటుంది. అడుగు చదునయ్యేకొద్దీ గట్ల నడుమ ఎడం పెరిగిపోతుంది. కొండ దిగువన చదును నేలలో మడులు వెడల్పు కావటం లేదూ? అదే సంగతి.

అందుచేత గోడలకు మడుల దారీ, అడుగుకు చాళ్ళ దారీ ఎన్నుకొని, రెండూ కలిసే చోట గీత కనిపించకుండా కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు చేశాను. ఇది నేర్చుకోవటానికి నాకు మూడు రోజులు పట్టింది. ఇక మిగిలింది ఒకే ఒక అంకె. అడుగు చాళ్ళకు స్టెప్‌ఓవర్ ఎంత పెట్టాలి?

గుండ్రని కొనతో చాలు మీద చాలు తీస్తే, రెండు చాళ్ళ మధ్య ఒక చిన్న గట్టు మిగులుతుంది. ఆ గట్టు ఎత్తుకు ఒక తేలిక లెక్క ఉన్నది. స్టెప్‌ఓవర్‌ను దానితోనే గుణించండి. వచ్చినదాన్ని కట్టర్ కొన వ్యాసార్ధానికి 8 రెట్లతో భాగించండి. మన కట్టర్ వ్యాసార్ధం 3 మిల్లీమీటర్లు. 8 రెట్లు 24. స్టెప్‌ఓవర్ 0.6 అయితే, 0.36ను 24తో భాగిస్తే 0.015 వస్తుంది. అంటే మిల్లీమీటరును 1000 భాగాలు చేస్తే అందులో 15 భాగాలు. స్టెప్‌ఓవర్ 0.3 అయితే గట్టు ఎత్తు సుమారు 4 భాగాలు. 0.15 అయితే దాదాపు 1 భాగం. మన వెంట్రుక మందం 50 నుంచి 100 భాగాల దాకా ఉంటుందని గుర్తు పెట్టుకుంటే, ఇవి ఎంత చిన్నవో తెలుస్తుంది.

తమాషా చూశారా? స్టెప్‌ఓవర్ సగం చేస్తే గట్టు పావు వంతు అవుతున్నది. కాని కట్టర్ నడిచే దారి రెట్టింపు అవుతున్నది. ఒక దిమ్మలో ఆరు చెంచాల వైశాల్యం కలిపి సుమారు 24,000 చదరపు మిల్లీమీటర్లు. కట్టర్ నిమిషానికి ఒక మీటరు నడుస్తుంది. 0.6తో అయితే 40 మీటర్ల దారి, 40 నిమిషాలు. 0.3తో 80 నిమిషాలు. 0.15తో 160 నిమిషాలు. ఒక దిమ్మకే ఇంత. రెండు దిమ్మలకూ కలిపితే దీనికి రెట్టింపు.

యజమాని ఈ లెక్క చూసి, "0.6 పెట్టు, చాలు. యంత్రం కోసం ఇంకొక పని కాచుకొని ఉన్నది. మిగిలిన గీతలు చాచా రుద్దేస్తాడు," అన్నారు.

చాచా అంటే మా పాలిష్ పనివాడు. ఆయన పాతబస్తీ నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. అరవై దాటిన మనిషి. కిటికీ పక్కన చిన్న బల్ల ముందు కూర్చొని, పెన్సిలంత సన్నని సానరాయి కడ్డీలతో ఉక్కు గుంటలను గంటల తరబడి రుద్దేవారు. ముందు గరుకు రాయి, తరవాత మెత్తని రాయి, చివరకు వజ్రపు పొడి కలిపిన లేపనం. అది అయ్యేసరికి ఉక్కులో మన మొహం కనిపించేది. ఆయన వేళ్ళ కణుపులు వాచి ఉండేవి. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు వేడి టీ గ్లాసును రెండు చేతుల మధ్య చాలాసేపు పట్టుకొని కూర్చునేవారు. అది టీ మీద ఇష్టం వల్ల అనుకునేదాన్ని నేను.

మేస్త్రి గారు యజమానితో వాదించలేదు. నాతో మాత్రం, "అదే ఉక్కు తుంట ఒకటి మిగిలి ఉన్నది. దానిలో రెండు చెంచా గుంటలు తియ్యి. ఒకటి 0.6తో, ఒకటి 0.15తో. తరవాత చాచా దగ్గర కూర్చొని రెండూ నువ్వే రుద్దు," అన్నారు.

రెండు గుంటలూ చూడటానికి ఇంచుమించు ఒకేలాగా ఉన్నాయి. చాచా నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "కండ్లతో గాదు బిడ్డా, గోరుతో చూడు," అన్నారు. మొదటి గుంటలో చాళ్ళకు అడ్డంగా గోరు లాగితే గరగరమన్నది. రెండవదానిలో గోరు జారిపోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం తిని మొదటి గుంట రుద్దటం మొదలుపెట్టాను. దీపాలు పెట్టే వేళకు గాని గీతలు పోలేదు. నాలుగు గంటలు పట్టింది. చూపుడు వేలు మొద్దుబారి, మర్నాడు చొక్కా బొత్తాం పెట్టుకోవటానికి రాలేదు. రెండో గుంట మర్నాడు రుద్దాను. యాభై నిమిషాలలో అయిపోయింది.

అప్పుడు చాచా మొదటి గుంట అంచు మీద ఒక ఉక్కు పట్టీ నిలబెట్టి, వెలుగుకు ఎత్తి చూపారు. అంచు దగ్గర సన్నని వెలుగు గీత కనిపించింది. "ఎవ్వరు రుద్దినా గింతే బిడ్డా. శానాసేపు రుద్దితే రాయి అంచును గూడ తింటది," అన్నారు.

అంచు గుండ్రమైతే ఏమవుతుందో చెబుతాను. రెండు దిమ్మలూ మూసినప్పుడు ఆ అంచు దగ్గర సన్నని సందు ఏర్పడుతుంది. కరిగిన ప్లాస్టిక్ ఆ సందులోకి కూడా దూరి, చెంచా చుట్టూ కాగితం కన్నా పలచని పొరలాగా గట్టిపడుతుంది. దీన్ని ఫ్లాష్ అంటారు. పెద్దవాళ్ళు వాడే బకెట్టుకు ఉంటే కత్తితో గీకి పారేయవచ్చు. కాని ఇవి చంటిపిల్లల చెంచాలు! ఆ పొర తగిలేది ఏడాది నిండని పాప పెదవులకు.

కంప్యూటర్ తెర మీద 0.6 అనేది ఒక అంకె. దాన్ని కొట్టటానికి రెండు క్షణాలు పడుతుంది. ఆ అంకె వల్ల మిగిలిన గట్లు అక్కడ మాయం కావు; ఒకరి వేళ్ళ మీదికీ, మరొకరి పెదవుల మీదికీ పోతాయి. ఇది నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు. మొద్దుబారిన నా వేలే నేర్పింది.

నేను, మేస్త్రి గారు కాగితం మీద లెక్క రాసుకొని యజమాని దగ్గరికి వెళ్ళాము. 0.15 పెడితే రెండు దిమ్మలకూ కలిపి యంత్రం నాలుగు గంటలు ఎక్కువ తిరగాలి. చాచా అంచనా ప్రకారం, 0.6 గీతలు రుద్దటానికి ఐదు రోజులు, 0.15 గీతలకు రెండు రోజులు. నాలుగు గంటలు ఇస్తే మూడు రోజులు తిరిగి వస్తాయి. నేను రుద్దిన గుంట అంచును కూడా చూపాము. యజమాని కాసేపు ఆలోచించి, "మరి 0.15 ఎందుకు? దానిలోనూ సగం పెడితే చాచాకు పనే ఉండదుగా?" అన్నారు.

మంచి ప్రశ్నే. దానికి మేస్త్రి గారే జవాబు చెప్పారు. యంత్రానికి కూడా చిన్న వణుకు ఉంటుంది. కోసే కొద్దీ కట్టర్ అరుగుతుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు కన్నా చిన్న గట్టు గురించి లెక్కలో పోట్లాడితే, ఉక్కులో ఏమీ మిగలదు, కాలం వృథా. ఇంకొక సంగతి కూడా ఉన్నది. రంగులరాట్నం తిరిగేటప్పుడు అంచున కూర్చున్న పిల్లవాడు జోరుగా తిరుగుతాడు. నడిమి స్తంభం దగ్గర నిలబడ్డవాడు ఉన్న చోటనే ఉంటాడు. బాల్‌నోజ్ కట్టర్ కొసన సరిగ్గా నడిమి బిందువు కూడా అంతే. అక్కడ వేగం సున్న. చెంచా అడుగు చదునుగా ఉన్న చోట ఆ బిందువే ఉక్కుకు ఆనుతుంది కనక, అది కొయ్యదు, రాస్తుంది. కట్టర్‌ను పక్కకు వంచగల అయిదు అక్షాల యంత్రాలు ఉన్నాయి. వాటికి ఈ బాధ తక్కువ. మా యంత్రానికి ఆ వీలు లేదు. అందుచేత అక్కడ చాచా రాయి తప్పదు.

యజమాని ఒప్పుకున్నారు.

అసలు దిమ్మను కొయ్యటానికి ముందు కంప్యూటర్ తెర మీద దారి అంతా నడిపి చూశాము. కట్టర్‌ను పట్టుకొనే హోల్డర్ గోడకు తగులుతుందేమో చూశాము. తరవాత యంత్రం మీద, దిమ్మకు 50 మిల్లీమీటర్లు పైన గాలిలో ఒకసారి నడిపించాము. అన్నీ సరిగా ఉన్నాయని తేలాక రాత్రి ఎనిమిది గంటలకు మొదలుపెట్టాము. మేస్త్రి గారు స్టూలు వేసుకొని కళ్ళు మూసుకొని కూర్చున్నారు. నిద్రపోతున్నారేమో అనుకున్నాను. "చప్పుడు వింటున్నాను," అన్నారు కళ్ళు తెరవకుండానే. "కట్టర్ అరిగితే ముందు చెవికి తెలుస్తుంది, కంటికి తరవాత." ఆ రాత్రి నేనూ విన్నాను. చక్కగా కోస్తున్న కట్టర్ చప్పుడు, పట్టు చీర చింపుతున్నట్టు, ఒకే శ్రుతిలో ఉంటుంది.

చాచా రెండు రోజులూ పూర్తిగా పట్టకుండానే రుద్దటం ముగించారు. గడువుకు రెండు రోజుల ముందే మొదటి చెంచాలు ఊడివచ్చాయి. యజమాని ఆరు చెంచాలనూ ఒక్కొక్కటిగా తన కింది పెదవి మీద చుట్టూ రాసి చూసుకున్నారు. ఏమీ అనలేదు. ఆరవది మాత్రం జేబులో వేసుకున్నారు. వారింట్లో తొమ్మిది నెలల మనవరాలు ఉన్నది.

ఆనాటి సాయంత్రం చాచా నన్ను అడిగారు: "బిడ్డా, నువ్వు గింత సన్నగ కోస్తా పోతే, రేపు నాకు పని ఉంటదా?"

ఉంటుందని చటుక్కున అనేయటం తేలిక. కాని ఆయన అడిగింది ఊరికే మాట కోసం కాదు. నేను కొంచెంసేపు ఆలోచించి, "రుద్దే పని తగ్గుతుంది చాచా. చూసే పని తగ్గదు. ఎక్కడ ఆపాలో నాకు గోరుతో చూపించినవారు మీరేగా!" అన్నాను. ఆయన తల ఊపారు. సగం ఒప్పుకున్నట్టు, సగం ఒప్పుకోనట్టు.

నేను చెప్పినదానిలో మొదటి సగం నిజమైంది. ఇప్పుడు ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర పని వారానికి మూడు రోజులే ఉంటుంది. రెండో సగం కూడా నిజమైంది. కొత్త మౌల్డ్ వచ్చినప్పుడల్లా, స్టెప్‌ఓవర్ కొట్టే ముందు, నేను బొమ్మ తీసుకొని వెళ్ళి చాచా పక్కన కూర్చుంటాను. ఎక్కడ రాయి దూరదో, ఏ అంచు సున్నితమో ఆయన వేలు పెట్టి చూపుతారు. ఆ చోట్ల సన్నని చాళ్ళు వేస్తాను. పైకి కనిపించని చోట్ల ఎడంగా వేస్తాను.

చాచా మనవడు పదో తరగతి పరీక్షలు రాసి, సెలవుల్లో మా కార్ఖానాకు వస్తున్నాడు. చురుకైనవాడు. తెర మీద చాళ్ళు, మడుల దారులు ఎట్లా వెయ్యాలో నాలుగు రోజుల్లో పట్టేశాడు. నిన్న స్టెప్‌ఓవర్ గడి దగ్గర ఆగి, "అక్కా, ఇక్కడ ఎంత పెట్టాలి?" అని అడిగాడు.

నేను వాడికి అంకె చెప్పలేదు. ఉక్కు తుంట ఒకటీ, సానరాయి ఒకటీ చేతికిచ్చి, కిటికీ పక్కన బల్ల దగ్గరికి పంపించాను.